మదీనా బిల్డింగ్ వెనక పదకొండో మంచం

మా ఆపా కొడుకు మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. మంచం మీద మంచం, గోడల నిండా రంగురంగుల బొమ్మలు, నేల మీద గిటార్ పట్టుకుని కూర్చున్న ఒక తెల్లోడు. 'మామూ, బ్యాక్‌ప్యాకర్స్ హాస్టల్. పాత సిటీ గల్లీలో. ఒక్క గదిలో పది మందిమి, ఒకరికి ఒకరు తెలీదు. రాత్రంతా బాతాఖానీయే' అని కింద వాయిస్ మెసేజ్. గొంతులో ఒకటే ఖుషీ. ఇదేదో వాళ్ల జమానాలోనే పుట్టిన కొత్త చీజ్ అన్నట్టు.

'మజా కరో బేటా' అని పంపి ఫోన్ పక్కన పెట్టాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా ఇంట్లో కూడా చెప్పని కిస్సా ఒకటి లేచి వచ్చి గుండెల మీద కూర్చుంది. చెప్పేస్తాను.

1996 నవంబర్ 6 రాత్రి తుఫాను కోనసీమను ఏం చేసిందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. మా అబ్బా అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఒక వర్తకుడి దగ్గర లెక్కలు రాసేవారు. చెట్టు లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే లెక్క లేదు. కొత్తగా నాటిన మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు కడుపు సబర్ చేస్తుందా? గల్ఫ్‌కి మా రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు నుంచి అంతకు ముందూ వెళ్లేవాళ్లు. తుఫాను తర్వాత మాత్రం ఇంటికొకరు బ్యాగు సర్దారు. అమ్మీ గాజులు అమ్మింది, అబ్బా వడ్డీకి తెచ్చారు, మొత్తం ఒక ఏజెంట్ చేతిలో పెట్టాం. 'నువ్వు హైదరాబాద్ వచ్చి ఉండు, స్టాంపింగ్ అవగానే విమానం ఎక్కిస్తా' అన్నాడు.

1998 జనవరి మొదటి వారం. రంజాన్ మొదలై నాలుగు రోజులు. అమలాపురానికి రైలు లేదు కదా, రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి, అక్కణ్ణుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్. తెల్లారేసరికి నాంపల్లిలో దిగాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. హైదరాబాద్ చూడటం అదే పహలీ దఫా.

ఏజెంట్ చీటీ మీద రాసిచ్చిన చిరునామా నయాపూల్ దాటాక, పత్థర్‌గట్టి దగ్గర. 1908లో మూసీ వరద వచ్చి ఊరు సగం కొట్టుకుపోయాక, ఆ తర్వాత కట్టిన రాతి కమాన్ల బజారు అది. దానికి ఆనుకుని మదీనా బిల్డింగ్. ఆ బిల్డింగ్ దుకాణాల కిరాయా ఒకప్పుడు అరబ్ దేశంలోని మదీనా షరీఫ్‌కి, అక్కడి గరీబుల కోసం వెళ్లేదని అంటారు. ఒక జమానాలో హైదరాబాద్ డబ్బు అరబ్బులకి వెళ్లింది, మా జమానాలో అరబ్బు డబ్బు కోసం మేం ఆ బిల్డింగ్ వెనక మంచాలు అద్దెకు తీసుకున్నాం. తక్దీర్ కూడా హిసాబ్ తెలిసిన మనిషే.

ఆ ముసాఫిర్‌ఖానా పేరు చెప్పను. మేడ మీద ఒకటే పొడవాటి హాలు, ఇరవై నాలుగు ఇనప మంచాలు, రెండు గుసల్‌ఖానాలు. మంచానికి రోజుకి పాతిక రూపాయలు. మంచం కోళ్లకి నంబర్లు పెయింట్ చేసి ఉండేవి. నాది పదకొండు. రాత్రి పన్నెండైనా లైటు ఆర్పరు, రంజాన్ కదా, కింద బజారే పడుకోదు. అత్తరు వాసన, బిర్యానీ వాసన, ఉతికి ఆరేసిన లుంగీల వాసన, గాజుల దుకాణాల వాళ్ల కేకలు, పక్క మసీదు మైకు, అన్నీ కిటికీలోంచి ఒకేసారి లోపలికి వచ్చేవి. మొదటి రాత్రి దడుసుకున్నాను. మూడో రాత్రికి అవి లేకపోతే నిద్ర పట్టదేమో అనిపించింది.

అక్కడ ఎవరికీ పేరుండదు. ఊరే పేరు. నాందేడ్ చచా, కళ్లకి ఇలాజ్ చేయించుకోవడానికి వచ్చి, ఆ పనిలో పనిగా సుర్మా, అత్తరు అమ్ముకునేవాడు. కడప భాయ్ రెండోసారి కువైట్ వెళ్తున్నాడు, అందుకని మా అందరికీ ఉస్తాద్. బీదర్ నుంచి ఒక స్టూడెంట్. చలికాలం శాలువాలు అమ్ముకోవడానికి దిగిన ఇద్దరు కశ్మీరీలు. ఉస్మానియాలో చదివే ఒక సూడాన్ కుర్రాడు, అద్దెకి గది దొరికే దాకా ఇక్కడే. మూడు రోజులు ఒక ఫ్రెంచి అబ్బాయి కూడా ఉన్నాడు, వీపు మీద తన ఎత్తున్న సంచీతో. సహరీకి అందరం లేస్తే అతనూ లేచి కూర్చుని టీ తాగేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే మా ఆపా కొడుకు చెప్పే హాస్టల్‌కీ దీనికీ ఒకటే ఫరక్. వాళ్లు ఊళ్లు చూడటానికి వస్తారు. మేం ఊరొదిలి పోవడానికి వచ్చాం.

నన్ను రాజమండ్రీ అన్నారు. అమలాపురం అంటే ఎవరికీ తెలియలేదు. 'రాజమండ్రి దగ్గర' అన్నాను, అంతే, దగ్గర అన్న ముక్క ఎగిరిపోయింది.

ఇక నా జుబాన్ సంగతి. మా ఇంట్లో మాట్లాడేదాన్ని ఊళ్లో తురకం అంటారు. అది ఉర్దూ అని ఇరవై రెండేళ్లూ నమ్మాను. మొదటి రోజు మధ్యాహ్నం హౌజు దగ్గర బీదర్ స్టూడెంట్‌తో, మా అమ్మీ నాతో రోజూ అనే మాటే అన్నాను: 'పానీ తోడ్‌కో లాతూ.' నీళ్లు తోడుకొస్తానని. హాలు మొత్తం పగలబడి నవ్వింది. వాళ్ల చెవికి అది నీళ్లు విరగ్గొట్టుకొస్తానని వినబడింది. 'అరె మియా, సాయిబువయ్యుండి ఉర్దూ రాదా?' అని కడప భాయ్ తెలుగులోనే అడిగాడు. ఆయన ఉర్దూ నా దానికంటే ఎంతో నయం. ఆ రోజు నుంచీ నేను ఏ జుమ్లా మొదలుపెట్టినా నలుగురు నవ్వడానికి సిద్ధంగా ఉండేవాళ్లు. దుశ్మనీతో కాదు, మొహబ్బత్‌తోనే. కానీ ఇరవై రెండేళ్ల వాడికి మొహబ్బత్‌తో నవ్వినా షరమ్ షరమే. ఊళ్లో సాయిబుల కుర్రాణ్ణి, ఇక్కడ ఆంధ్రావాణ్ణి. నాకు నా ఇజ్జత్ నిలబెట్టుకోవడానికి మిగిలింది నమాజ్ ఒక్కటే. సూరాలు మా నానీ చక్కగా నేర్పింది. కిరాత్‌లో ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. అందుకని ఐదు పూటలూ ముందు సఫ్‌లో నిలబడేవాణ్ణి. అల్లా కోసం ఎంత, కడప భాయ్ కోసం ఎంత అన్నది వేరే లెక్క.

నాందేడ్ చచాకి తారీఖ్ పిచ్చి. ఇఫ్తార్ అయ్యాక సుర్మా డబ్బాలు సర్దుకుంటూ చెప్పేవాడు. ఈ ఊరికి ముసాఫిర్లు కొత్త కాదు, కార్వాన్ మొహల్లాకి ఆ పేరు కారవాన్ల వల్లే వచ్చింది, ఫ్రెంచి దేశపు తావెర్నియే వజ్రాల కోసం గోల్కొండ వచ్చినప్పుడు ఇక్కడ పరదేశీలు మసీదుల్లోనే బస చేసేవాళ్లని రాసుకున్నాడని. హయాత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం మసీదు చుట్టూ వందకు పైగా గదులున్న సరాయి ఉంది, అది మచిలీపట్నం దారి. 'మీ సముద్రం వైపు నుంచి వచ్చేవాడు మొదట అక్కడే దుమ్ము దులుపుకునేవాడు రాజమండ్రీ' అనేవాడు. అంతలోనే ఉడికించేవాడు కూడా. మక్కాలో నిజాం రుబాత్ ఉంది, హాజీలకి ఉచిత బస, కానీ పాత నిజాం ఇలాఖా వాళ్లకే. మరాఠ్వాడా కాబట్టి నాందేడ్ వాళ్లకి హక్కుంది. 'మిమ్మల్ని మా నిజాం అలీ ఖాన్ 1766లోనే అంగ్రేజులకి రాసిచ్చేశాడు. నీకు రుబాత్ లేదు పో!' ఆయనకిది పెద్ద జోకు. నాకూ నవ్వొచ్చేది. తర్వాత మంచమెక్కి, నిజంగానే మనం ఎవరి ఇలాఖా అని ఆలోచించేవాణ్ణి.

నేనొచ్చిన నాలుగో రోజున ఒకాయన రేకు పెట్టె ఒకటి, తాపీ సామాను కట్టిన గోనె సంచీ ఒకటి పట్టుకుని మెట్లెక్కాడు. నలభై దాటి ఉంటాయి. మస్కట్ వీసా. మేనేజర్ సాబ్ ఉర్దూలో ఊరడిగితే, అర్థమై చెప్పాడో కాక చెప్పాడో, 'ఆయ్, సఖినేటిపల్లండి' అన్నాడు.

ఆ 'ఆయ్' విన్నాక నా ప్రాణం లేచొచ్చింది. గోదారి దాటాక ఆ మాట ఎవరూ అనరు.

హాలుకి ఆ ఊరు నోరు తిరగలేదు. రెండు రోజుల్లో సఖినేటిపల్లి కాస్తా సఖీ అయిపోయింది. 'సఖీ అంటే ఏంటండీ?' అని ఆయన నన్ను అడిగాడు. నాందేడ్ చచాని అడిగి చెప్పాను, ఇచ్చే చెయ్యి ఉన్నవాడు అని. 'అమ్మో, అంత పేరు మనకెందుకు బాబూ' అని సిగ్గుపడ్డాడు. నేను ఆయన్ని బాబాయ్ అన్నాను. అసలు పేరు అడగలేదు. ఊరివాణ్ణి పేరడిగేదేముంది, ఎప్పుడైనా తెలుస్తుంది అనుకున్నాను.

ఆ రేకు పెట్టెలో ఆత్రేయపురం పూతరేకులున్నాయి. మస్కట్‌లో ఉన్న బావమరిదికి పట్టుకెళ్తున్నాడు. రెండో రోజు ఇఫ్తార్‌కి మేం నేల మీద దస్తర్‌ఖాన్ పరిచి, ఖర్జూరం, దహీవడ, పళ్లు పెట్టుకుని అజాన్ కోసం చూస్తుంటే, ఆయన పెట్టె తెరిచి పూతరేకులన్నీ తెచ్చి మధ్యలో పెట్టేశాడు. నాందేడ్ చచా ఒకటి చేత్తో పట్టుకుని దీపం వైపు ఎత్తి చూసి, 'క్యా మియా, కాగజ్ ఖిలారే?' అన్నాడు. నోట్లో వేసుకున్నాక మాట రాలేదు. సూడాన్ కుర్రాడు నాలుగు తిన్నాడు. పల్చటి గంజిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, దాని మీద ఆ గుడ్డ లాగితే రేకు వస్తుందని, అందులో నెయ్యి, బెల్లం వేసి మడుస్తారని బాబాయ్ చేతులతో చూపిస్తుంటే నేను ఉర్దూలోకి మారుస్తున్నాను. కుండని ఏమన్నానో, మంటని ఏమన్నానో గుర్తులేదు గానీ ఆ ఒక్క సాయంత్రం ఎవరూ నా జుబాన్‌ని నవ్వలేదు. ఇంకో సంగతి, ఆయన రోజా లేకపోయినా మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా తనూ ముట్టుకోలేదు. 'మీరంతా ఆకలితో కూర్చుంటే నాకెలా దిగుద్దండి' అన్నాడు.

మా నానీ చెప్పేది, వాళ్ల అబ్బా పడవ ప్రయాణాల్లో లంకల గన్నవరంలో దిగితే డొక్కా సీతమ్మ గారింటి అన్నం తిన్నారని. ఆవిడ వేళ కాని వేళ వచ్చినా, ఎవరొచ్చినా పెట్టేదని ఇప్పటికీ మా కోనసీమలో చెప్పుకుంటారు. 1909లో పోయారావిడ. బాబాయ్‌ని చూస్తే నాకు నానీ చెప్పిన ఆ మాటే యాదొచ్చేది.

సంక్రాంతి వచ్చింది. పాత బస్తీలో దాని నిశానీ గాలిపటాలే. కనుమ నాడు పొద్దుటి నుంచీ బాబాయ్ మంచం మీదే కూర్చున్నాడు. 'ఈ పాటికి జగ్గన్నతోటకి ప్రభలు బయల్దేరుతుంటాయి బాబూ' అన్నాడు. పొలాల్లోంచి, కాలవలోంచి భుజాల మీద ప్రభల్ని మోసుకొచ్చే ఆ తీర్థం నేనూ చూశాను. చిన్నప్పుడు అబ్బా సైకిల్ మీద తీసుకెళ్లి జీళ్లు కొనిచ్చేవారు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే, 'పండగ పూట ఒక సినిమా అన్నా చూడకపోతే ఎలా? తోడొస్తావా?' అన్నాడు.

నాకూ వెళ్లాలనుంది. కానీ రంజాన్, పైగా రాత్రి తరావీహ్. హాలు మొత్తం మక్కా మసీదుకి వెళ్తుంది, ముందు సఫ్ సాయిబు రాజమండ్రీ సినిమాకి వెళ్తాడా? 'మీరు ముందు దిగండి బాబాయ్, నేను నయాపూల్ దగ్గర కలుస్తాను' అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ చదివి, మసీదుకే తొందరగా వెళ్తున్నానని చెప్పి దిగాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుస్వాగతం ఆడుతోంది. మొదటి పావుగంట పోయింది. టికెట్లు ఆయనే కొన్నాడు. ఇంటర్వెల్‌లో సమోసాలు కూడా. చుట్టూ అందరూ తెలుగులో ఈలలు వేస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వచ్చేటప్పుడు కూడా ఆయన్ని ముందు పంపించి, నేను పది నిమిషాలు చార్మినార్ దాకా నడిచి, తరావీహ్ నుంచి తిరిగొచ్చే జనంలో కలిసి వచ్చాను.

హాల్లో గోల. కశ్మీరీల్లో చిన్నవాడి రుమాలు కనబడటం లేదు. అందులో నాలుగు వేలు. శాలువాలమ్మిన డబ్బు, ఇంటికి పంపాల్సింది.

మేనేజర్ సాబ్ లెక్క సాదాగా ఉంది. అందరూ నమాజ్‌లో ఉన్నారు. నమాజ్‌కి వెళ్లనివాడు ఒక్కడే. బాబాయ్‌ని మధ్యలో నిలబెట్టారు. 'సినిమాకెళ్లానండి' అన్నాడాయన తెలుగులో. ఎవరితో? ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. 'ఇదిగో, ఈ బాబుతోనండి. అడగండి.' కడప భాయ్ దాన్ని తర్జుమా చేసి చెప్పాడు. ఇరవై మంది నా వైపు తిరిగారు.

'క్యా మియా, తుమ్ థే ఇన్‌కే సాత్?'

'నై జనాబ్, మై తరావీహ్ మే థా.'

అన్ని రోజుల్లో నేను ఒక్క తప్పూ లేకుండా మాట్లాడిన ఉర్దూ వాక్యం అదే. లహజా కూడా సరిగ్గా కుదిరింది. ఎవరూ నవ్వలేదు.

బాబాయ్‌కి ఉర్దూ రాదు గానీ 'నై' అర్థం కావడానికి ఉర్దూ అక్కర్లేదు. నన్ను ఒక్క క్షణం చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. జ్వరం వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. 'ఆయ్, పొరబాటు పడ్డానండి. ఈ బాబు కాదు. ఇంకెవరో కుర్రాడు, హాల్లో కలిశాడు' అన్నాడు.

నా అబద్ధాన్ని ఆయన మోశాడు. నేను మోయనిచ్చాను.

పెట్టె వెతికారు, గోనె సంచీ దులిపారు, తాపీ, గుండు, రసమట్టం నేల మీద పడ్డాయి. చొక్కా జేబులో నాందేడ్ చచా చెయ్యి పెట్టాడు. రెండు టికెట్ ముక్కలు బయటికొచ్చాయి. కళ్లకి ఇలాజ్ చేయించుకుంటున్న ఆ ముసలాయన వాటిని దగ్గరగా పెట్టుకుని చూశాడు. రెండు. ఒకటి కాదు. తర్వాత నన్ను చూశాడు. ఏమీ అనకుండా వాటిని మడిచి తన వాస్కట్ జేబులో వేసుకుని, 'ఛోడ్ దో, ఇస్కే పాస్ కుచ్ నై హై' అన్నాడు. మేనేజర్ మాత్రం పొద్దున్నే మంచం ఖాళీ చెయ్యమన్నాడు.

సహరీకి లేచి చూస్తే ఆయన మంచం అప్పటికే ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. సినిమాల్లో అయితే ఇలాంటప్పుడు తలగడ కింద చీటీయో, మిఠాయి పొట్లమో పెట్టి వెళ్తారు. నా మంచం మీద ఏమీ లేదు. నాందేడ్ చచా రొట్టె తుంచుకుంటూ, నా మొహం చూడకుండా, గొంతు పెంచకుండా అన్నాడు: 'రాజమండ్రీ, సూరె బఖరా తెరిచి, గవాహీ దాచేవాడి గురించి ఏముందో చదువుకో.'

నాకు అరబీ చదవడం వచ్చు, మానీ తెలీదు. ఇంటికొచ్చాక తెలుగు తర్జుమాలో చదివాను. అక్కడేముందో మీరూ చూసుకోవచ్చు.

మూడో రోజు రెండో కశ్మీరీ వరంగల్ నుంచి దిగాడు. రుమాలు తన దగ్గరే ఉంది. దొంగల భయం అని తనే తీసి దాచాడట, చెప్పడం మర్చిపోయాడట. అందరూ తౌబా తౌబా అన్నారు. చిన్నవాడు ఏడ్చేశాడు. మేనేజర్ సాబ్, 'అల్లా మాఫ్ కరే' అని తాళాల గుత్తి తీసుకుని కిందికి వెళ్లిపోయాడు. నేను నాంపల్లి స్టేషన్‌కి పరిగెత్తాను. విమానం బొంబాయి నుంచని బాబాయ్ ఒకసారన్నాడు. ప్లాట్‌ఫారాలన్నీ తిరిగాను, ఎదురుగా ఉన్న పాత నాంపల్లి సరాయిలోకి తొంగి చూశాను, చుట్టుపక్కల లాడ్జీల్లో అడిగాను. ఏమని అడగాలి? 'సఖినేటిపల్లి నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ.' పేరు? తెలీదు.

నా ఏజెంట్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఈద్ నాటికి ఆయన ఫోన్ మోగడం మానేసింది. డబ్బు పోయింది. రెండేళ్ల తర్వాత దగ్గరి చుట్టం పంపిన వీసా మీద కువైట్ వెళ్లాను, తొమ్మిదేళ్లున్నాను, అప్పులు తీర్చాను. అక్కడ మా గోదావరి మేస్త్రీ ఎవరు కనబడినా ఊరడిగేవాణ్ణి.

తిరిగొచ్చాక ఏ పని మీద నరసాపురం వెళ్లినా సఖినేటిపల్లి రేవు మీదుగానే వెళ్తాను. అటు చించినాడ వంతెన ఉంది, సుఖంగా పోవచ్చు, అయినా పంటు కోసమే చూస్తాను. ఈ మధ్య కూడా రేవులో టీ కొట్టాయన్ని అడిగాను. 98లో మస్కట్ వెళ్లిన తాపీ మేస్త్రీ, ఇప్పుడు డెబ్బై దగ్గరుంటాయి, ప్రతి మాటకీ ఆయ్ అంటాడు.

'ఇక్కడ అననోళ్లెవరండీ?' అని నవ్వాడు. 'మస్కట్ కూడా ఇంటికొకరెళ్లారు. పేరు చెప్పండి, పట్టేద్దాం.'

'పేరు తెలీదండి. మేం సఖీ అనేవాళ్లం.'

'మీకు డబ్బేవన్నా ఇవ్వాలాండీ ఆయన?'

'నేనే ఇవ్వాలండి.'

ఆయన నన్ను వింతగా చూశాడు. రేవులో పంటు ఇంజను స్టార్టయింది. 'కదిలిపోతందండి, ఎక్కుతారా?' అన్నాడు.

గ్లాసు అక్కడ పెట్టి, ఎక్కాను.